నూట ఏడు జంటలు

మూడూ ఇరవైకి నేను గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి వర్క్‌షాపు లోపలికి వెళ్ళేసరికి, ఇస్త్రీ అప్పటికే దొంగను పట్టేసి, టీ కూడా తాగేసి కూర్చున్నాడు.

ఇస్త్రీ అతని అసలు పేరు కాదు. చొక్కా మీద ముడత కనిపిస్తే ఆ రోజుకి సెలవు పెట్టే రకం కాబట్టి నేను పెట్టుకున్న పేరు. కంపెనీల డేటాను క్లౌడుకు తరలించే సంస్థలో భద్రతాధికారి. నేనేమో ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఇంతకు ముందు రెండు కేసుల్లో మేం ఎదురుపడ్డాం. ఒకటి అతను గెలిచాడు, ఒకటి నేను గెలిచాను. అతను గెలిచిన దాని మీద నాకింకా అనుమానాలున్నాయి.

అది కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు. యజమానురాలికి నలభై దాటి ఉంటాయి. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, అదే కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతోంది. నేనే చూపించాను.

"ఐదింటికి తరలింపు మొదలవుతుందండీ," అంది. "అంతకు ముందే డూప్లికేట్ ఫైళ్ళు చెరిపేయాలి. ఆ తర్వాత పాత డిస్కులు ఖాళీ చేసేస్తారు, ఇక ఏదీ తిరిగి రాదు. ఏదో ఇల్లు మారేముందు చెత్త పారేసినట్టు అనుకున్నాను. పొద్దున ఈయన జాబితా తెచ్చి నా ముందు పెట్టారు. ఇప్పుడు మా రికార్డుల అమ్మాయిని ఐదింటిలోగా పంపించేయాలట, పోలీసులకు కూడా చెప్పాలట. తొమ్మిదేళ్ళుగా ఉందండీ ఇక్కడ. పంపించే ముందు ఇంకో మనిషి కూడా చూస్తే బాగుండుననిపించింది."

"ఆ ఇంకో మనిషి మీరే అవుతారనుకోలేదు," అన్నాడు ఇస్త్రీ నాతో.

"నన్ను చూస్తే మీకెంత సంతోషమో మీ మొహంలోనే తెలుస్తోంది లెండి. విషయం చెప్పండి."

చెప్పాడు. మనిషి ఎలా ఉన్నా పని విషయంలో శుభ్రంగా ఉంటాడు. వర్క్‌షాపులో రెండు కంప్యూటర్లు. ఒకటి కొలతల గదిలో, రెండోది రికార్డుల గదిలో. పేషెంటు వచ్చినప్పుడల్లా కొలతల గదిలో ఒక ఫైలు పుడుతుంది. గత పద్నాలుగు నెలల్లో నూట ఏడు సార్లు, సరిగ్గా అదే పేరుతో, అదే తేదీతో, రికార్డుల గదిలో ఇంకో ఫైలు పుట్టింది. అన్నీ ఆ అమ్మాయి లాగిన్ నుంచే.

"ఈ మధ్యనే ఇలాంటి వర్క్‌షాపు ఇంకొకటి తెరిచారు. పేషెంట్ల కొలతలన్నీ ముందే చేతిలో ఉంటే వాళ్ళకెంత లాభమో మీకు చెప్పక్కర్లేదు. కాపీ తీసుకుంది, బయటికి పంపింది. కేసు ఇంతే."

"పంపినట్టు చూశారా?"

"చూస్తాం."

"అంటే చూడలేదు. సరే, ఐదింటికి ఏది చెరుపుతారు?"

"ఒకే పేరుతో రెండుంటే ముందు పుట్టినది ఉంచుతాం. రెండోది పోతుంది. ఎక్కడైనా ఇదే పద్ధతి."

నేను ఈ వృత్తిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు టెలిఫోన్ డైరెక్టరీ ఆఫీసులో పనిచేశాను. ఒకే పేరు, ఒకే వీధి, రెండు నంబర్లు కనిపిస్తే ఒకటి కొట్టేయాలా వద్దా అని తేల్చడమే నా ఉద్యోగం. మొదటి ఏడాది హుషారుగా కొట్టేశాను. కొట్టేసిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, నేనూ మా అన్నయ్య కొడుకూ వేరువేరు మనుషులం," అనేవాడు. అప్పట్నుంచి ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.

రికార్డుల అమ్మాయి గోడవార బెంచీ మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడ్చిన గుర్తులు లేవు. ఏడుపు ఆపుకోవడం బాగా అలవాటైన మొహం.

"ఆ ఫైళ్ళు నువ్వే చేశావా?"

"నేనే చేశానండి."

"ఎందుకు?"

గోడ వైపు తిరిగింది.

"ఎవరికైనా ఇచ్చావా?"

"లేదండి. ఒక్కటి కూడా గేటు దాటలేదు."

"మరి ఎందుకమ్మా? కారణం చెబితే ఉద్యోగం నిలుస్తుందేమో."

తల అడ్డంగా ఊపింది. చాలా మెల్లిగా, "నాకు ఒక్క సాయం చేస్తారా?" అంది.

"అడుగు."

"చెరిపేటప్పుడు మొదటివి చెరిపి, రెండోవి ఉంచమనండి. కారణం అడక్కుండా. నన్ను పంపించేసినా పర్లేదండి."

నేను డైరీ మూసేశాను. దొంగతనం చేసిన మనిషి తన కాపీలు పోతే ఊపిరి పీల్చుకోవాలి. ఈ పిల్ల అవి బతకాలంటోంది, తను పోయినా సరే. ఈ పద్నాలుగు నెలల్లో ఏదో పెద్ద బరువు మోసిందని నాకు అప్పుడే అర్థమైంది. ఆ బరువు తనది కాదని కూడా.

"నీ గది చూపించు," అన్నాను.

ఇస్త్రీ కూడా మా వెనకే వచ్చాడు. రికార్డుల గది చిన్నది. ఇనప బీరువా, కంప్యూటరు, ఒక కుర్చీ. ఇంతవరకూ ఏ రికార్డుల గదిలోనైనా ఉండేవే. కానీ బీరువా పక్కన జానెడు ఎత్తు పీట ఒకటుంది. దాని మీద కూర్చుని కీబోర్డు అందుకోవడం ఎవరి వల్లా కాదు. కుర్చీ చేతులు రెండూ మెరుస్తున్నాయి. బరువంతా చేతుల మీద వేసి లేచే మనుషులు రోజూ కూర్చుంటే తప్ప చెక్క అలా నున్నబడదు. సొరుగు లాగాను. మడతపెట్టిన తువ్వాలు, ఒక టేపు, ఒంటి మీద గీతలు గీసే నీలం పెన్సిలు.

"మీ రికార్డుల్ని తువ్వాలుతో తుడుస్తారా?" అని ఇస్త్రీని అడిగాను.

"నావి కాదు, ఆవిడవి."

"ఒక పని చేసిపెట్టండి. ఆ రెండో ఫైళ్ళు పుట్టిన టైములు మీ దగ్గరున్నాయి. గేటు రిజిస్టరులో పేషెంట్లు బయటికి వెళ్ళిన టైములున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టండి."

విసుక్కుంటూనే పెట్టాడు. నేను చదువుతూ పోయాను, అతను కలుపుతూ పోయాడు. ఇక్కడ ఫైళ్ళలోనూ గేటు రిజిస్టరులోనూ పేషెంట్ల అసలు పేర్లుండవు. వాళ్ళ గుట్టు బయటపడకూడదని ఇక్కడి పాత మేస్త్రీ తలొక ముద్దుపేరు పెడతాడట. లెక్కల మాస్టారు, లారీ మామ, డ్యాన్సు టీచరు, పిచ్చుక. లెక్కల మాస్టారి రెండో ఫైలు పదీ యాభైకి పుట్టింది, ఆయన గేటు దాటింది పదకొండూ ఐదుకి. లారీ మామది పన్నెండూ పదికి, ఆయన వెళ్ళింది పన్నెండున్నరకి. నాలుగూ పది అయ్యేసరికి నూట ఏడూ అయిపోయాయి. ఒక్క ఫైలు కూడా మనిషి వెళ్ళిపోయాక పుట్టలేదు.

"కాపీ తీయడానికి మనిషి ఎదురుగా కూర్చోవాలా?" అన్నాను.

నేను పిచ్చుక పేరుతో ఉన్న జంటను తెరిపించాను. పిచ్చుక అంటే పదేళ్ళ పిల్ల, కుడికాలు మోకాలి కింద లేదు. మొదటి ఫైలులో పొడవు మూడు వందల పన్నెండు మిల్లీమీటర్లు. రెండో ఫైలులో మూడు వందల పదహారు.

"ఇవి డూప్లికేట్లు కావు," అన్నాను. "మీరు పేరు చూశారు. లోపల చూడలేదు."

నాకు మహా తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి అర నిమిషం కూడా నిలవలేదు.

"అయితే దొంగతనం కాదు, అంతకంటే ఘోరం," అన్నాడు ఇస్త్రీ లేచి నిలబడి. "కొలతలు మార్చేస్తోంది. అనుభవమున్న మేస్త్రీ తీసిన కొలతని ఒక గుమాస్తా రహస్యంగా మార్చడమేంటి? మనుషులు ఆ కాళ్ళ మీద నిలబడతారు మేడమ్. పడితే ఎవరు జవాబుదారీ?"

యజమానురాలు గుమ్మంలోంచి అంతా వింటోంది. ఆమె మొహం పాలిపోయింది. నేను వేసిన ముడి తిరిగొచ్చి ఆ అమ్మాయి మెడకే పడింది.

"పడ్డారా ఎవరైనా?" అని యజమానురాలిని అడిగాను.

"లేదు," అంది ఆమె ఆలోచిస్తూ. "ఈ ఏడాది ఒక్క ఫిర్యాదు రాలేదు. కాళ్ళు చేసేవాళ్ళు కొలతలు రికార్డుల గది నుంచే తీసుకుంటారు."

"అంటే రెండో ఫైళ్ళ ప్రకారం చేసిన కాళ్ళే సరిపోయాయి. మరి మొదటివి ఎవరి కొలతలు?" జాబితాలోని పిచ్చుక జంటలన్నీ వరసగా పెట్టించాను. పద్నాలుగు నెలల్లో మూడు జంటలు. మొదటి ఫైళ్ళు మూడింట్లోనూ మూడు వందల పన్నెండే. చుట్టుకొలతా మారలేదు, మడమ ఎత్తూ మారలేదు. రెండో ఫైళ్ళలో మూడు వందల పదహారు, ఇరవై మూడు, ఇరవై తొమ్మిది.

మా అక్క మనవరాలిది కూడా అదే ఈడు. దానికి కొన్న గౌను మూణ్ణెల్లకి పట్టదు. పదేళ్ళ పిల్ల పద్నాలుగు నెలల పాటు ఒక్క మిల్లీమీటరు కూడా ఎదగకపోతే, టేపు ఆ పిల్ల కాలిని తాకలేదన్నమాట.

"కొలతల గదిలో కొలిచేదెవరు?"

యజమానురాలు మింగుడుపడనట్టు చూసింది. "బాబాయ్. మా మేస్త్రీ. నాన్న ఈ వర్క్‌షాపు పెట్టిన రోజు నుంచీ ఆయనే."

"ఈ జాబితా ప్రకారం కొలతల గది కంప్యూటరు కూడా ఈ అమ్మాయి లాగిన్‌తోనే ఉంది, ఎందుకు?"

"ఆయనకి పాస్‌వర్డ్ గుర్తుండదండి," అంది రికార్డుల అమ్మాయి చప్పున. "రోజూ తొమ్మిదింటికి నేనే తెరిచిపెడతాను." అని ఆగిపోయింది. గుర్తుండదు అన్న మాట నోరుజారి వచ్చేసిందని తనకే తెలిసిపోయింది.

నేను తన పక్కన కూర్చున్నాను. డైరీ తెరవలేదు.

"ఎప్పట్నుంచి?"

ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. "పోయినేడు నుంచండి. మనుషులందరూ గుర్తే. ఎవరి కూతురికి పెళ్ళయింది, ఎవరికి మెట్లంటే భయం, అన్నీ చెబుతాడు. ఒక్కో రోజు అంకెలే నిలవట్లేదు. టేపు చుట్టి, చూసి, కంప్యూటరు వైపు తిరిగేలోపు పోతాయి. పాత అంకెలే మళ్ళీ వచ్చేస్తున్నాయి ఫైల్లో. సంతకం పెట్టాలని పేషెంట్లని నా గదిలోకి పిలిచి నేను కొలిచేదాన్ని. ఆయన ఫైలు మీదే సరిదిద్దితే మళ్ళీసారి తెరిచినప్పుడు చూస్తాడు కదా. బాధపడతాడని వేరేగా పెట్టాను. నాకు పని నేర్పిన మనిషండి. కొలతల బల్ల లేకపోతే ఆయనకింకేం లేదు."

యజమానురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా. దాచుకోవడమెందుకు, ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకోవాలనిపించింది.

"తప్పేనండి," అంది యజమానురాలితో. "మీకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది నేను తల్లీ," అన్న మాట వెనక నుంచి వినబడింది.

మేస్త్రీ. డెబ్బైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి. మెడలో గుడ్డ టేపు, చెవి మీద నీలం పెన్సిలు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. మెల్లిగా వచ్చి ఆ పొట్టి పీట మీద కూర్చున్నాడు, అది తన కోసమే వేసినట్టు.

"నువ్వు వచ్చిన మొదటి రోజు నీకేం చెప్పాను?" అని ఆ అమ్మాయిని అడిగాడు.

"ఏ కాలూ మూణ్ణెల్లు ఒకేలా ఉండదు అన్నావు బాబాయ్. పెద్దవాళ్ళదైనా ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. మారలేదంటే కొలవలేదని అర్థం అన్నావు."

"అదీ. అంకె నిలవని రోజు నేను తప్పు అంకె రాయలేను తల్లీ. ఉజ్జాయింపుగా ఏదో ఒకటి కొట్టేస్తే ఎవరికీ తెలియదు, కానీ ఆ మనిషి పడతాడు. అందుకని తేదీ ఒక్కటీ మార్చి, అంకెల్ని ముట్టుకునేవాణ్ణి కాదు. పాతవి పాతవిగానే వదిలేసేవాణ్ణి. ఇవి చూసి ఇవాళ బాబాయ్ కొలవలేకపోయాడని పోల్చుకునే మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు. నువ్వు పోల్చుకున్నావు. కాళ్ళు సరిగ్గా తయారై వస్తుంటే నాకు తెలిసింది."

"నీకు తెలుసా?" అంది ఆ అమ్మాయి. "పద్నాలుగు నెలలూ తెలుసా?"

"నీ సొరుగులో తువ్వాలు పెట్టింది ఎవరనుకున్నావు? చలికాలంలో టేపు చల్లగా ఉంటుంది, పిల్లలు ఉలిక్కిపడతారు."

ఆ తువ్వాలు తనే ఎప్పుడో తెచ్చుకున్నానని అనుకుందట ఆ పిల్ల. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే బరువుని చెరో చివరా పట్టుకుని మోశారు. ఇన్నేళ్ళలో నేను చాలా రహస్యాలు బయటికి లాగాను. లాగినందుకు సిగ్గుపడ్డది ఆ రోజే.

"చెబితే బల్ల దగ్గర్నుంచి లేవమంటారని భయం," అన్నాడు మేస్త్రీ యజమానురాలి వైపు చూస్తూ. "నీకు చెప్పకపోవడం తప్పే అమ్మా. మీ నాన్న ఉంటే నా చెవి మెలిపెట్టేవాడు."

"నేనూ మెలిపెడతాను, ఉండు బాబాయ్," అంది యజమానురాలు.

ఇస్త్రీ లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి ఏదో నొక్కాడు. "ఐదింటి పని ఆపేశాను," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. ఆ క్షణంలో అతని చొక్కా మీద ఒక ముడత కూడా చూశాను. చెప్పలేదు.

అప్పుడు అడిగాడు మేస్త్రీ. "మొత్తం ఎన్నని తేలాయి?"

"నూట ఏడు జంటలు," అన్నాను.

"నూట ఎనిమిది ఉండాలే."

"మీకు అంకెలు నిలవవంటున్నారు కదా?"

"నిలవవనే కదమ్మా రాసుకున్నాను."

కొలతల గదిలోకి తీసుకెళ్ళాడు. బల్ల సొరుగు మొత్తం బయటికి లాగి తిరగేశాడు. అడుగున నీలం పెన్సిలుతో నిలువు గీతలు, ఐదేసి చొప్పున కట్టలుగా. నేను లెక్కపెట్టాను. ఇస్త్రీ లెక్కపెట్టాడు. మా ఇద్దరికీ జీవితంలో మొదటిసారి ఒకే జవాబు వచ్చింది. ఇరవై ఒక్క కట్టలు, పైన మూడు గీతలు. నూట ఎనిమిది.

ఒక రోజు మేస్త్రీ కొలవలేక వదిలేశాడు. ఆ రోజు ఎవరూ మళ్ళీ కొలవలేదు. రెండో ఫైలు లేదు కాబట్టి అది ఏ డూప్లికేట్ల జాబితాలోనూ రాదు. ఇంతసేపూ మేం జంటల చుట్టూ తిరుగుతున్నాం. అసలు ప్రమాదం ఒంటరి ఫైలులో ఉంది.

"నువ్వు సెలవు పెట్టిన రోజేదైనా ఉందా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"పోయిన గురువారం. అమ్మకి కంటి ఆపరేషన్. బుధవారం సాయంత్రమే ఆయన కంప్యూటరు తెరిచిపెట్టి వెళ్ళాను."

ఇస్త్రీ అప్పటికే గురువారం ఫైళ్ళు తెరిచాడు. ఆ రోజు నాలుగు. మూడింటిలో అంకెలు మారి ఉన్నాయి. నాలుగోది వెనకటి దానితో అక్షరాలా కలిసిపోయింది. అతను పేరు చదివాడు.

"పిచ్చుక. మూడు వందల పన్నెండు."

"ఆ కాలు ఎక్కడుంది?" అన్నాను.

యజమానురాలు గోడ మీద చెయ్యి వేసుకుని నిలదొక్కుకుంది. "వెళ్ళిపోయింది. ట్రయల్ శనివారం పెట్టాం. రేపు స్కూల్లో పరుగు పందెం ఉంది, ముందే పంపమని పిల్ల ఒకటే గొడవట. రెండింటికి వ్యానులో ఇంటికి పంపాను. నేనే సంతకం పెట్టాను."

పద్నాలుగు నెలల కిందటి కాలు. ఇప్పటి కాలి కంటే దాదాపు రెండు సెంటీమీటర్లు పొట్టి. టైము నాలుగూ యాభై రెండు.

యజమానురాలు ఫోను కలిపి బల్ల మీద పెట్టింది, అందరికీ వినబడేలా. నాలుగు రింగులకి తల్లి ఎత్తింది. గొంతు నిండా సంతోషం.

"వచ్చిందండీ, ఇప్పుడే వేసుకుంది. కింద స్నేహితులకి చూపిస్తానని మెట్ల దగ్గరికి..."

"దిగనివ్వకండి. ఆపండి, వెంటనే."

ఫోను ఏదో బల్లకి తగిలిన చప్పుడు. తర్వాత పరుగు.

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "మూడో అంతస్తు. పిచ్చుక ఎప్పుడూ ఎడమ పాదమే ముందు దించుతుంది. అది సొంత కాలు, అక్కడ భయం లేదు. కొత్త కాలి వంతు రెండో మెట్టుకి వస్తుంది."

రికార్డుల అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీ నిలబడే ఉన్నాడు, నేను ఫోను మీదికి వంగాను. ఫోనులో అడుగుల చప్పుడు దూరమైంది, ఆగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ అడుగులు వినిపించాయి. ఈసారి రెండు జతలు. వాటిలో ఒకటి కుంటుతోంది.

ఫోనులోకి ఒక పిల్ల గొంతు వచ్చింది, బాగా కోపంగా.

"బాబాయ్ తాతా, నువ్వున్నావా? నేను మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఇది నా కాలు కాదు. నా చిన్నప్పటిది."

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. మెడలోంచి టేపు తీసి రికార్డుల అమ్మాయి మెడలో వేశాడు.

"కదలకుండా కూర్చో పిచ్చుకా, మేమే వస్తున్నాం," అన్నాడు చివరికి. "అక్క కొలుస్తుంది. నేను పట్టుకుంటాను."